టండ్రానా, ఎఫ్-150నా? సంతకం పెట్టేముందు తలుపు తీసి చదవాల్సినవి

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందు ఇప్పుడు క్యామ్రీ, ఒడిస్సీల పక్కన పికప్ ట్రక్కులు కూడా కనిపిస్తున్నాయి. కొందరు ఊరవతల నాలుగెకరాలు కొన్నారు. కొందరికి బోటు సరదా, కొందరికి ట్రావెల్ ట్రైలర్ సరదా. ఇంకొందరు అద్దె ఇళ్ళు కొని మరమ్మతులు చేయించుకుంటూ ఉంటారు. వీళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "జపాన్ బండి కొనాలా, అమెరికా బండి కొనాలా?" ఈరోజు మాట్లాడేది దాని గురించే. ప్రశ్నను కాస్త మార్చి అడగాలని నా అభిప్రాయం. ఎందుకో వినండి.

ముందు హద్దు గీసుకుందాం. టకోమా, రేంజర్, కొలరాడో లాంటి మధ్యరకం బండ్లను పక్కన పెడుతున్నాను. ఎఫ్-250, సిల్వరాడో 2500 లాంటి హెవీ డ్యూటీ బండ్లనూ పక్కన పెడుతున్నాను. మిగిలింది ఫుల్ సైజు, ఇక్కడ 'హాఫ్ టన్' అంటారు. ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో 1500, దాని అన్నదమ్ముడు జీఎంసీ సియరా, రామ్ 1500, టొయోటా టండ్రా. నిసాన్ టైటాన్ 2024 మోడల్‌తో ఆగిపోయింది కాబట్టి అది ఇక సెకండ్ హ్యాండ్ మాట.

బలాబలాలు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్, హెవీ డ్యూటీ బండ్లు కూడా కలుపుకుని, అమెరికాలో 2024లో 7 లక్షలకు పైగా అమ్ముడయ్యింది. టండ్రా 1 లక్షా 60 వేల లోపు. కార్ల బజారులో అమెరికన్ కంపెనీలను వెనక్కి నెట్టిన టొయోటా, ఈ ఒక్క తరగతిలో పాతికేళ్ళుగా చిన్న ఆటగాడే. దానికి ఒక కారణం కోడిమాంసం. నవ్వకండి, నిజమే.

1960ల మొదట్లో అమెరికా నుంచి వెళ్ళే చవక కోడిమాంసం మీద పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సహా యూరప్ ఉమ్మడి బజారు సుంకం పెంచింది. బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నాలుగు సరుకుల మీద సుంకం వేశాడు: బంగాళదుంప పిండి, డెక్‌స్ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు. ట్రక్కుల మీద 25 శాతం. మిగతా మూడింటి మీద సుంకం తరవాత తీసేశారు, ట్రక్కుల మీద మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక్కడ దాన్ని ఇప్పటికీ 'చికెన్ ట్యాక్స్' అనే అంటారు.

దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు వేయని ఎత్తు లేదు. బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) లేకుండా క్యాబిన్, చాసిస్ మాత్రమే ఓడలో తెచ్చి, ఇక్కడ బెడ్ బిగించి అమ్మారు. అలా తెస్తే సుంకం 4 శాతమే. ఫోర్డ్ కొరియర్ పేరుతో మజ్దా ట్రక్కు, షెవీ ఎల్‌యూవీ పేరుతో ఇసుజు ట్రక్కు అలా వచ్చినవే. టొయోటా 1972లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో పెట్టిన కర్మాగారం మొదట చేసింది కూడా ట్రక్కు బెడ్లనే. 1980లో ఆ సందు మూసేశారు. సుబారు అయితే బ్రాట్ అనే చిన్న ట్రక్కు బెడ్‌లో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల కారేనని లెక్క చూపించింది.

ఫుల్ సైజుకు దగ్గరగా వచ్చి, నిజంగా జపాన్‌లో తయారై ఓడ దిగిన టొయోటా ఒక్కటే: టీ100. 1993 మోడల్ నుంచి 1998 దాకా అమ్మారు. 25 శాతం సుంకం కట్టి తెచ్చారు, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ ఇవ్వలేదు. ఆ ధరకు ఆరు సిలిండర్ల వీ6 ఎవరు కొంటారు? ఆ దెబ్బతో టొయోటా 2000 మోడల్ టండ్రాను ఇండియానాలోని ప్రిన్స్‌టన్‌లో మొదలుపెట్టింది. 2007 మోడల్ నాటికి మన శాన్ ఆంటోనియోకు వచ్చేసింది. ఇప్పుడు ప్రతి టండ్రా అక్కడే తయారవుతుంది, ఇక్కడికి నాలుగైదు గంటల దూరంలో. దాని వీ6 ఇంజన్ అలబామాలోని హంట్స్‌విల్‌లో తయారవుతుంది.

ఇప్పుడు రెండోవైపు చూడండి. సిల్వరాడో 1500 మూడు దేశాల్లో తయారవుతోంది: ఇండియానాలోని ఫోర్ట్ వేన్, మెక్సికోలోని సిలావ్, కెనడాలోని ఓషావా. ఒకే డీలర్ లాట్‌లో, ఒకే రంగులో, పక్కపక్కన నిలబడ్డ రెండు సిల్వరాడోల్లో ఒకటి ఇండియానాది, ఒకటి మెక్సికోది కావచ్చు. రామ్ 1500 మిషిగన్‌లోని స్టెర్లింగ్ హైట్స్‌లో బిగిస్తారు, కానీ దాని కొత్త హరికేన్ ఆరు సిలిండర్ల ఇంజన్ మెక్సికోలోని సాల్టియో నుంచి వస్తుంది. ఎఫ్-150 డియర్‌బార్న్‌లోనూ, కాన్సస్ సిటీ దగ్గరా తయారవుతుంది. అందులో 5.0 వీ8 తీసుకుంటే ఆ ఇంజన్ కెనడాలోని విండ్సర్‌ది. అదే 3.5 ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజన్ పేరు) తీసుకుంటే ఒహాయోది.

కాబట్టి బానెట్ మీది బిళ్ళ చూసి ఇది దేశవాళీ, ఇది దిగుమతి అంటే కుదరదు. బండి ఎక్కడిదో తెలియాలంటే రెండుచోట్ల చూడాలి.

ఒకటి, విన్ నంబర్, అంటే బండి గుర్తింపు సంఖ్య. డ్రైవర్ వైపు అద్దం కింద, డ్యాష్‌బోర్డ్ మూలన ఉంటుంది. మొదటి అంకె 1, 4, 5 అయితే అమెరికా, ఈమధ్య 7 కూడా ఇస్తున్నారు. 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. మొదట్లో ఇంగ్లీషు అక్షరం 'జె' ఉంటే జపాన్. టండ్రా నంబర్ 5తో మొదలవుతుంది. సిల్వరాడోది 1తో కావచ్చు, 2తో కావచ్చు, 3తో కావచ్చు.

రెండు, కొత్త బండి కిటికీకి అంటించే విడిభాగాల పట్టిక. 1992 చట్టం ప్రకారం అది తప్పనిసరి. అందులో అమెరికా, కెనడా భాగాల శాతం కలిపి ఇస్తారు, విడివిడిగా కాదు. పైగా ఆ శాతం ఆ మోడల్ మొత్తానికి సగటు, మీ ముందున్న బండిది కాదు. ఆఖరి బిగింపు ఊరు మాత్రం మీ బండిదే. ఇంజన్, గేర్‌బాక్స్ ఏ దేశానివో కూడా అందులోనే రాసి ఉంటుంది. శాతం చూసి మురిసిపోకుండా, ఊరి పేరు చదవండి.

ఇదంతా దేశభక్తి గొడవ కాదు, పన్ను గొడవ. 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం, 2024 డిసెంబరు 31 తరవాత తీసుకున్న వాహన రుణం మీద ఏడాదికి 10,000 డాలర్ల దాకా వడ్డీని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. 2028 పన్ను ఏడాది దాకా ఈ వెసులుబాటు ఉంది. షరతులు: బండి కొత్తదై ఉండాలి, సొంత వాడకానికి కొనాలి, లీజు కాకూడదు, ఆఖరి బిగింపు అమెరికాలోనే జరిగి ఉండాలి. అంటే శాన్ ఆంటోనియో టండ్రాకు వస్తుంది, సిలావ్ సిల్వరాడోకు రాదు, ఓషావా సిల్వరాడోకూ రాదు. ఫోర్ట్ వేన్ సిల్వరాడోకు వస్తుంది. అయితే భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే ఇది తగ్గుతూ పోతుంది, రెండున్నర లక్షల దగ్గర సున్నా. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైతే చాలామందికి ఇది దక్కదు, ముందే లెక్క వేసుకోండి. రిటర్నులో విన్ నంబర్ రాయాలి, అందుకని డీలర్ నోటిమాట పనికిరాదు.

సరే, బండి ఎక్కడిదైనా రేపు చెడిపోయేది ఇంజన్ కదా. అక్కడికి వద్దాం. "టొయోటా కొంటే పదేళ్ళు బానెట్ ఎత్తక్కర్లేదు" అనే మాట మన ఇళ్ళలో బాగా నాటుకుపోయింది. పాత 5.7 లీటర్ల వీ8 టండ్రాకు, 2007 నుంచి 2021 దాకా వచ్చిన దానికి, ఆ మాట చాలావరకు చెల్లుతుంది. పెట్రోలు తాగుతుంది, కానీ మొండి ఇంజన్. 2022లో టొయోటా దాన్ని ఆపేసి రెండు టర్బోల 3.4 లీటర్ల వీ6 పెట్టింది. 389 హార్స్‌పవర్, 479 పౌండ్-అడుగుల టార్క్. హైబ్రిడ్ అయితే 437, 583. కాగితం మీద అద్భుతం. కానీ తయారీలో లోహం కోసినప్పుడు వచ్చిన రజను కొన్ని ఇంజన్ల లోపలే ఉండిపోయింది. ఆ రజను మెయిన్ బేరింగ్‌లో చేరితే నూనె పొర తెగుతుంది, బేరింగ్ అరుగుతుంది, ఇంజన్ టకటక కొడుతుంది, పవర్ పడిపోతుంది, నడిరోడ్డు మీద ఆగిపోనూవచ్చు. 2024 మేలో 2022, 2023 మోడళ్ళలో లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు, ఇంజన్లు మార్చారు. 2025 నవంబరులో 2024 మోడళ్ళను కూడా కలుపుకుని మరో లక్షా పాతిక వేలకు పైగా. హైబ్రిడ్లు ఈ రీకాళ్ళలో లేవు. ఇంజన్ ఆగినా మోటారుతో పక్కకు తీసుకోగలిగేంత కదలిక ఉంటుందన్నది దానికి చెప్పిన కారణం. ఇంజన్ కుటుంబం మాత్రం అదే అని గుర్తుంచుకోండి.

అమెరికన్ బండ్లు మేలా? సిల్వరాడో, సియరాలు చేసే జీఎం 6.2 లీటర్ల వీ8 సంగతి చూడండి. 2025 ఏప్రిల్‌లో, 2021 నుంచి 2024 మోడళ్ళ దాకా, అమెరికాలోనే సుమారు 6 లక్షల బండ్లు రీకాల్ అయ్యాయి. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లలో తయారీ లోపం. పరీక్షలో లోపం తేలిన ఇంజన్‌ను బాగుచేస్తారు, లేదా మారుస్తారు. పరీక్ష గట్టెక్కిన ఇంజన్‌కు 0డబ్ల్యూ-20 ఆయిల్ తీసేసి చిక్కటి 0డబ్ల్యూ-40 పోసి, నూనె పోసే మూత కూడా మార్చి పంపుతారు. పాత 6.2 కొనేవాళ్ళు ఆ మూత మీద ఏ ఆయిల్ గ్రేడు రాసి ఉందో చూడండి. పాత గ్రేడే ఉంటే రీకాల్ పని ఇంకా జరిగి ఉండకపోవచ్చు, విన్ నంబర్ కొట్టి సరిచూసుకోండి.

జీఎం 5.3 వీ8ది వేరే రోగం. పెట్రోలు ఆదా కోసం నడుస్తూ ఉండగా కొన్ని సిలిండర్లను నిద్రపుచ్చుతుంది. దానికోసం పెట్టిన ప్రత్యేకమైన లిఫ్టర్లు (వాల్వులను కదిలించే భాగాలు) ఇరుక్కుపోతే పుష్‌రాడ్ వంగుతుంది, ఇంజన్ మిస్‌ఫైర్ అవుతుంది, లోపల క్యామ్ కూడా గీసుకుపోవచ్చు. హెడ్లు విప్పాల్సిన పని కాబట్టి వారంటీ అయిపోయాక బిల్లు వేలల్లోనే.

రామ్ వీ8 ఇంజన్ హెమీకి 'హెమీ టిక్' అని పేరే ఉంది. ఇక్కడ రెండు రకాల టిక్కులు కలిసిపోతాయి, విడదీసి వినాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని, వేడెక్కాక తగ్గిపోతే అది ఎక్కువగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరగడం. వెనక సిలిండర్ల దగ్గరి బోల్టులే ముందు పోతాయి. అంత ప్రమాదం కాదు. వేడెక్కినా పోకుండా, ఆక్సిలరేటర్‌తో పాటు పెరిగితే లిఫ్టర్, క్యామ్ అరుగుదల అనుకోవాలి. అది పెద్ద పని. రామ్ 2025 మోడల్‌లో హెమీని తీసేసి 3.0 హరికేన్ ఇచ్చింది. కొనేవాళ్ళు గోల చేశాక 2026కు హెమీని మళ్ళీ తెచ్చింది. 2026 మోడళ్ళకు ఇంజన్, గేర్‌బాక్స్ మీద 10 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ప్రకటించింది. మిగతావాళ్ళ పెట్రోలు బండ్లకు అది 5 ఏళ్ళు, 60 వేల మైళ్ళే.

ఫోర్డ్‌లో 2017 నుంచి 2020 దాకా వచ్చిన 3.5 ఎకోబూస్ట్‌కు క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాల) సమస్య ఉంది. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. "రేపు పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా తియ్యకండి" అని చెప్పి వచ్చేయండి. అదే ఫోర్డ్‌లో 2018 తరవాతి కొన్నేళ్ళ పది గేర్ల ఆటోమేటిక్‌లో ఒక డ్రమ్ లోపలి బుష్ జరిగిపోయి 3, 4, 5 గేర్ల మధ్య గుద్దినట్టు మారడం మామూలు. టెస్ట్ డ్రైవ్‌లో హైవే ఎక్కి ఊరుకోకండి. సిగ్నళ్ళున్న రోడ్డు మీద, 15 నుంచి 45 మైళ్ళ వేగం మధ్య, కాలు కొద్దిగా పెడుతూ తీస్తూ నడపండి. ఆ గుద్దుడు అక్కడే బయటపడుతుంది.

ఇవన్నీ విని "మరి ఏదీ కొనకూడదా?" అనకండి. నేను చెప్పేది కంపెనీని కాదు, ఫలానా ఇంజన్ని, ఫలానా ఏడాదిని కొనండి అని. నా మటుకు నాకు, కొత్తగా కొనేవాళ్ళకు, పెద్ద బరువు లాగే పని లేకపోతే, ఫోర్డ్ 2.7 ఎకోబూస్ట్ ఎవరూ పెద్దగా పొగడని మంచి ఇంజన్. 325 హార్స్‌పవర్, 400 టార్క్, హాఫ్ టన్ బండికి అది చాలా ఎక్కువే. ఇంకోమాట, టర్బో బండ్లకు 10 వేల మైళ్ళకోసారి ఆయిల్ మార్పు అని పుస్తకంలో ఉన్నా, 5 వేలకే మార్చండి. ట్రైలర్ లాగితే టొయోటా పుస్తకమే 5 వేలంటుంది.

ఇక అసలు సంగతి, బరువు. టీవీ ప్రకటనల్లో "13,500 పౌండ్లు లాగుతుంది", "12,000 లాగుతుంది" అని చెప్తారు. మొదటిది ఎఫ్-150, రెండోది టండ్రా. ఈ లెక్కలకు ఒక ప్రమాణం ఉంది, జే2807. ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తురోడ్డు మీద, ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్‌తో 40 మైళ్ళ వేగం తగ్గకుండా ఎక్కాలి. టొయోటా 2011 మోడల్‌తోనే అందరికన్నా ముందు ఈ ప్రమాణానికి ఒప్పుకుంది. దాంతో దాని టండ్రా లెక్కే వందల పౌండ్లు తగ్గింది. అయినా ఒప్పుకుంది, అది మెచ్చుకోవాల్సిందే. డెట్రాయిట్ వాళ్ళు, అంటే అమెరికన్ కంపెనీలు, ఆ తరవాత కొన్నేళ్ళకు గానీ దారికి రాలేదు.

కానీ ఆ పరీక్షలో బండిలో ఉండేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరే. మన కుటుంబం అలా ఉండదు కదా. మీ బండి పరిమితి లాగే శక్తి దగ్గర కాదు, మొయ్యగల బరువు దగ్గర తగులుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంటుంది. అది ఆ ఒక్క బండికే కొట్టిన లెక్క. పక్క బండిది వేరే ఉండొచ్చు. సన్‌రూఫ్, తోలు సీట్లు, పవర్ స్టెప్పులు, హైబ్రిడ్ బ్యాటరీ, ఫోర్ వీల్ డ్రైవ్... పెరిగిన ప్రతి సోకూ ఆ అంకెలోంచి తగ్గుతుంది. అందుకే ఒకే మోడల్‌లో ఖరీదైన ట్రిమ్ (రకం) తక్కువ మోస్తుంది, చవక ట్రిమ్ ఎక్కువ మోస్తుంది.

ఒక లెక్క చేద్దాం. స్టిక్కరు మీద 1,500 అని ఉందనుకోండి, నాలుగు తలుపుల ఖరీదైన బండ్లలో అది మామూలు అంకె. ట్రావెల్ ట్రైలర్ సామానుతో 7,000 పౌండ్లు. ప్రకటన ప్రకారం బండి 11 వేలు లాగుతుంది, కాబట్టి 7 వేలు సునాయాసం అనుకుంటారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, 13 శాతం వేసుకుంటే 910. బరువు పంచే హిచ్ సరంజామా 90. మొత్తం 1,000 అయిపోయింది. ఆయన 170, ఆవిడ 150, పిల్లలు 100, 70, కలిపి 490. ఇప్పటికి 1,490. ఇక మిగిలింది 10 పౌండ్లు. బెడ్‌లో కూలర్, కుర్చీలు, రబ్బరు మ్యాట్, బెడ్ మూత, ఒక చిన్న జనరేటర్ కలిపి 200 వేస్తే 190 ఎక్కువైపోయింది. అత్తగారు మామగారు ఇండియా నుంచి వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఇంజన్ లాగుతుంది, ఆ అనుమానం లేదు. వెనక యాక్సిల్, టైర్లు, స్ప్రింగులు మొయ్యవు. బండి వెనక కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, పక్కన లారీ వెళ్ళినప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది.

ఇక్కడ బండికీ బండికీ తేడా ఉంది. ఫోర్డ్, జీఎం వెనక ఇంకా లారీలకున్నట్టు కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) వాడుతున్నాయి. రామ్ 2009 నుంచి, టండ్రా 2022 నుంచి కాయిల్ స్ప్రింగులు. ఖాళీగా నడిపితే కాయిల్ బండి మెత్తగా పోతుంది, రామ్‌లో కూర్చుంటే కారులో ఉన్నట్టే. బరువు ఎక్కిస్తే త్వరగా కుంగుతుంది, అందుకే స్ప్రింగులకు సాయంగా గాలి బ్యాగులు ఆప్షన్‌గా ఇస్తారు. గాలి బ్యాగు వెనకభాగాన్ని పైకి లేపుతుందే తప్ప స్టిక్కరు మీద అంకెను పెంచదు, ఇది చాలామంది పొరబడే చోటు. హాఫ్ టన్‌లో నిజంగా ఎక్కువ మొయ్యాలంటే పెద్ద ఆప్షన్లు లేని ఎఫ్-150 హెవీ పేలోడ్ ప్యాకేజీతో 2,400 పౌండ్లు దాటుతుంది. టండ్రాలో ఎంత వెతికినా 1,940 దాటదు. రామ్ కొనేవాళ్ళు యాక్సిల్ రేషియో (వెనక యాక్సిల్‌లోని గేర్ల నిష్పత్తి) చూడాలి. 3.21 ఉన్నదానికీ 3.92 ఉన్నదానికీ లాగే శక్తిలో వేల పౌండ్ల తేడా. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

గ్యారేజ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. నాలుగు తలుపులు, ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న టండ్రా పొడవు 233.6 అంగుళాలు. మామూలు గ్యారేజ్ లోతు 20 అడుగులు, అంటే 240. మిగిలేది ఆరంగుళాలు. వాటర్ హీటరో, గోడకు షెల్ఫులో ఉంటే తలుపు పడదు. మిగతా కంపెనీలవీ అటూఇటూగా అంతే. ఎఫ్-150 అద్దాలతో కలిపి దాదాపు 96 అంగుళాల వెడల్పు, ఒంటికారు గ్యారేజ్ తలుపు చాలాచోట్ల 96. అలాంటిచోట అద్దాలు మడవకుండా లోపలికి రాదు. టేపు తీసుకుని ముందే కొలుచుకోండి. ప్లైవుడ్, షీట్‌రాక్ మోసే పని ఉంటే సిల్వరాడో బెడ్ అన్నిటికన్నా వెడల్పు, ఆ విషయంలో దానికి ఎదురులేదు.

డాలస్ వాళ్ళకు వడగళ్ళ మాట కూడా చెప్పాలి. ఎఫ్-150 శరీరం 2015 మోడల్ నుంచి అల్యూమినియం. తుప్పు పట్టదు, తేలిక. కానీ సొట్ట పడితే ఉక్కు రేకులా సులువుగా వెనక్కి రాదు. ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ, కూలి ఎక్కువ. బయట నిలిపేవాళ్ళు ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ డిడక్టబుల్ (వడగళ్ళ లాంటి నష్టంలో మీ జేబులోంచి కట్టాల్సింది) ఎంతో చూసుకుని కొనండి. టండ్రా బెడ్ లోపల ప్లాస్టిక్ మిశ్రమం, దానికి వేరే లైనర్ వేయించే గొడవ లేదు.

తుప్పు అంటే గుర్తొచ్చింది. పాత టండ్రాల ఫ్రేములు పుచ్చిపోయిన చరిత్ర ఉంది. మొదటి తరం వాటికి స్పేర్ టైరు దగ్గరి అడ్డబద్ద విరిగి టైరు రోడ్డు మీద పడేది, 2009లో రీకాల్ చేశారు. 2007, 2008 టండ్రాలు కూడా ఫ్రేము తుప్పు దావా పరిష్కారంలో ఉన్నాయి. టెక్సస్‌లో తుప్పు తక్కువ. కానీ ఇక్కడ లాట్‌లో ఉన్న బండి ఒహాయోలో ఉప్పు రోడ్ల మీద పదేళ్ళు తిరిగి వచ్చి ఉండొచ్చు. చరిత్ర కాగితంలో ఏ రాష్ట్రాల్లో రిజిస్టరైందో చూడండి. తరవాత చిన్న సుత్తితో స్పేర్ టైరు చుట్టూ ఫ్రేమును తట్టండి. ఖణేల్ మంటే బాగున్నట్టు. మందంగా శబ్దం వచ్చి పొరలు రాలితే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించండి.

(సభ నుంచి: నిసాన్ టైటాన్ చవగ్గా దొరుకుతోంది, తీసుకోవచ్చా?)

తీసుకోవచ్చండీ, ధర నిజంగా తక్కువైతే. 2020 తరవాతివి చూడండి, 400 హార్స్‌పవర్ 5.6 వీ8, తొమ్మిది గేర్లు, టర్బో లేదు, సిలిండర్లు ఆపే ఏర్పాటూ లేదు. కొత్తప్పుడు 5 ఏళ్ళు, లక్ష మైళ్ళ వారంటీ బండి మొత్తానికి ఇచ్చారు, మిగిలినకాలం ఎంతుందో కనుక్కోండి. ఆగిపోయిన మోడల్ కాబట్టి మళ్ళీ అమ్మేటప్పుడు మీకూ తక్కువే వస్తుంది. డీజిల్ టైటాన్ ఎక్స్‌డీ జోలికి మాత్రం వెళ్ళొద్దు, ఆ కమిన్స్ 5.0 ఇంజన్ తెలిసిన మెకానిక్కులు అరుదు.

(సభ నుంచి: వ్యాపారం పేరు మీద కొంటే మొత్తం ఖర్చు రాసుకోవచ్చంటారు, నిజమేనా?)

మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏను అడగాల్సిన మాట, కానీ కొనేముందే అడగాలి, ఎందుకంటే బెడ్ పొడవు మీద ఆధారపడుతుంది. సెక్షన్ 179 (వ్యాపారానికి కొన్నదాని ఖర్చును ఆ ఏడాదే రాసుకోనిచ్చే పన్ను నిబంధన) కింద 6,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (బండీ, మనుషులూ, సామానూ కలిపి దాటకూడని బరువు) దాటిన బండ్లకు ఎస్‌యూవీ పరిమితి ఒకటుంది. బెడ్ లోపలి పొడవు కనీసం 6 అడుగులుంటే ఆ పరిమితి వర్తించదు. అంటే ఐదున్నర అడుగుల బెడ్‌కు ఒక లెక్క, ఆరున్నర అడుగుల బెడ్‌కు ఇంకో లెక్క. బోనస్ డిప్రీసియేషన్ వేరే దారి, అది మీకు కలుస్తుందో లేదో ఆయన చెప్తాడు. వ్యాపార వాడకం సగానికి మించాలి, మైళ్ళ చిట్టా రాయాలి. వ్యాపారానికని ఖర్చు రాసుకుని, అదే బండికి ఇందాక చెప్పిన సొంత వాడకం వడ్డీ మినహాయింపు కూడా అడగడం కుదరదు.

(సభ నుంచి: కరెంటు పోతే ఎఫ్-150తో ఇల్లు నడుస్తుందా?)

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఈ ట్రక్కులను ఇళ్ళకు అప్పుగా ఇమ్మని ఫోర్డ్ టెక్సస్ డీలర్లను కోరింది, అప్పటినుంచి అందరికీ ఈ ప్రశ్నే. ఎఫ్-150 హైబ్రిడ్ పవర్‌బూస్ట్‌లో 7.2 కిలోవాట్ల ఆప్షన్ ఉన్నదే తీసుకోవాలి, మామూలుగా వచ్చేది 2.4. ఫ్రిజ్, లైట్లు, వైఫై, గ్యాస్ హీటర్ బ్లోవర్ హాయిగా నడుస్తాయి. నాలుగైదు టన్నుల సెంట్రల్ ఏసీ మీద ఆశ పెట్టుకోకండి, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటు ఎక్కువ. ఇంటి ప్యానెల్‌కు కలపాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని వీధి కరెంటు నుంచి ట్రక్కు కరెంటుకు మార్చేది) పెట్టించండి. ఇక్కడ ఒక మెలిక: ట్రక్కులోనూ న్యూట్రల్ భూమికి కలిపి ఉంటుంది, ఇంట్లోనూ కలిపి ఉంటుంది. రెండూ కలిస్తే ట్రక్కు వైపు రక్షణ స్విచ్ ట్రిప్ అవుతుంది. అందుకని న్యూట్రల్‌ను కూడా మార్చే రకం ట్రాన్స్‌ఫర్ స్విచ్ కావాలని ముందే చెప్పండి. ఇంజన్ దానంతటదే ఆగుతూ మొదలవుతూ విషపు పొగ వదులుతుంది, కాబట్టి తలుపు తెరిచి ఉన్నా సరే గ్యారేజ్‌లో నడపకూడదు. బండి డ్రైవ్‌వేలో, ఎగ్జాస్ట్ వీధివైపు ఉండేలా పెట్టండి. అలా పెడితే బెడ్‌లో ఉన్న 30 ఆంప్ ప్లగ్గు ఇంటికి దూరమవుతుంది, 25 అడుగుల తీగ చాలదు. 10 గేజ్‌ది 50 అడుగులు కొనుక్కోండి.